ఓదార్పుకు లైసెన్సు కావాలా

మానసిక బాధలో ఉన్న మనిషికి సలహా చెప్పడాన్ని వృత్తిగా చేపట్టేవారికి నిర్ణీత చదువు, శిక్షణ, ప్రభుత్వ నమోదు ఉండాలని అనేక దేశాల చట్టాలు కోరుతున్నాయి. అలాంటి చట్టాల్లో కొందరికి మినహాయింపులు కూడా ఉంటాయి. తన మతవిధుల్లో భాగంగా సలహా చెప్పే పూజారికి, పాస్టరుకు, రబ్బీకి ఈ నమోదు అక్కర్లేదన్నది వాటిలో ఎక్కువ వాదానికి గురైనది. పైకి ఇది పరిపాలనకు సంబంధించిన చిన్న నిబంధన. దాని కింద ఉన్నవి మాత్రం పాత ప్రశ్నలు. మనిషి దుఃఖాన్ని చూడవలసింది వైద్యమా, ధర్మమా? రెండూ అయితే వాటి మధ్య హద్దు ఎక్కడ? ఆ హద్దు గీసే అధికారం రాజ్యానికి ఉందా?

అమెరికాలో ఈ మినహాయింపు చట్టంలోనే అక్షరాలా ఉంది. అక్కడి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు గుడి అర్చకుడితో ఇంటి గొడవలు చెప్పుకున్నా, తెలుగు సంఘ కాపరితో చెప్పుకున్నా ఆ సంభాషణ ఈ నిబంధన నీడలోనే జరుగుతుంది. వివాహ, కుటుంబ చికిత్సకులకు లైసెన్సు తప్పనిసరి చేసిన కాలిఫోర్నియా చట్టం, ఏ మతశాఖకు చెందిన బోధకుడైనా తన పదవీ విధుల్లో భాగంగా చేసే కౌన్సెలింగ్‌కు వర్తించదు. దీని పర్యవసానం నాలీ కేసులో బయటపడింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని గ్రేస్ కమ్యూనిటీ చర్చి పాస్టర్ల దగ్గర సలహా పొందుతున్న నాలీ అనే 24 ఏళ్ల యువకుడు 1979లో ఆత్మహత్య చేసుకున్నాడు. అతణ్ని మనోరోగ వైద్యుడి దగ్గరకు పంపకపోవడం పాస్టర్ల నిర్లక్ష్యమేనని తల్లిదండ్రులు దావా వేశారు. లైసెన్సు పొందిన చికిత్సకుడికి ఉండే బాధ్యతను పాస్టర్లపై మోపలేమని 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టసభే మతబోధకులను లైసెన్సు నుంచి తప్పించిందన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి. వేరువేరు విశ్వాసాలవారు చెప్పే సలహాలన్నిటికీ కలిపి ఒకే ప్రమాణాన్ని న్యాయస్థానం రాయజాలదన్నది మరొకటి. కెంటకీ రాష్ట్రం ఇంకో దారి పట్టి, కోరుకున్న మత సలహాదారులకు ప్రత్యేకంగా లైసెన్సు ఇస్తోంది.

భారతదేశంలో ఇలాంటి నిబంధన కనిపించదు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం క్లినికల్ సైకాలజిస్టులను, పునరావాస కౌన్సెలర్లను నమోదు పరిధిలోకి తెచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక ఆరోగ్య నిపుణులు ఎవరో నిర్వచించింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మనస్తత్వ నిపుణులను, ఆరోగ్య కౌన్సెలర్లను, సామాజిక కార్యకర్తలను ఒక వృత్తివర్గంగా తన షెడ్యూల్‌లో చేర్చింది. ఈ మూడూ పురోహితుడి గురించి గానీ పాస్టరు గురించి గానీ మాట్లాడవు. వాళ్లు చట్టం బయట ఉన్నది ఎవరో ఆలోచించి తప్పించినందువల్ల కాదు, ఎవరూ ప్రస్తావించనందువల్ల. ఈ తేడా చిన్నది కాదు. రాసిన మినహాయింపుకు ‘మతవిధుల్లో భాగంగా’ అన్న షరతైనా ఉంటుంది. మౌనం వల్ల కలిగిన మినహాయింపుకు షరతు ఉండదు. అది గుడిలో ధైర్యం చెప్పే అర్చకుడికి వర్తించినట్టే, మందులు మానెయ్యమని చెప్పే మంత్రగాడికీ వర్తిస్తుంది.

ఈ మౌనంలో జరిగేదేమిటో కోనసీమలో స్పష్టంగా కనిపిస్తుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, వైనతేయ చీల్చిన ఈ నేలలో కష్టం వచ్చిన మనిషి మొదట వెళ్లే చోటు ఆసుపత్రి కాదు. ఏలినాటి శని పట్టిందనుకున్నవారు కొత్తపేట దగ్గరి మందపల్లికి వెళ్లి మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయిస్తారు. పెళ్లి కుదరక దిగులు పడే కుటుంబం మురమళ్ల వీరేశ్వరస్వామి నిత్యకల్యాణంలో పాల్గొంటుంది. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకుంటారు. పరీక్షల ముందు అయినవిల్లి విఘ్నేశ్వరుడి దగ్గర పూజ చేసిన పెన్నుల కోసం విద్యార్థులు వస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గర ఆగి ఇంటి సంగతులు చెప్పుకోవడం, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో భర్త తాగుడు గురించో కొడుకు మొండితనం గురించో ప్రార్థన మనవి ఇవ్వడం క్రైస్తవ కుటుంబాల్లో మామూలు. ఊరి చివర సోదె చెప్పే ఆమె దగ్గరకు, తాయెత్తు కట్టే సాయిబు దగ్గరకు మతభేదం లేకుండా పోతారు. ఇంటి ఇల్లాలు పనికోసం గల్ఫ్ వెళ్లి, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే కుటుంబాలు రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో కొత్త కాదు. ఆ ఒంటరితనాన్ని రెండు వైపులా వినేవాళ్లు ఎక్కువగా ఇలాంటివాళ్లే.

అమలాపురంలో ప్రాంతీయ ఆసుపత్రి, వైద్య కళాశాల ఉన్నాయి. అయినా ఈ దారులు మూసుకుపోలేదు, పోనవసరమూ లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మానసిక సమస్యలున్నవారిలో, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. వాళ్లంతా ఎవరితోనూ ఏమీ చెప్పుకోకుండా ఉన్నారని అనుకోవడం పొరపాటు. లైసెన్సు లేని చెవులే వాళ్ల గోడు వింటున్నాయి. రేపు ఒక చట్టం వచ్చి ఆ చెవులన్నీ మూసెయ్యమంటే బాధితులంతా మర్నాడు వైద్యుడి గుమ్మం ముందు వరస కట్టరు. ఉన్న ఒక్క ఆసరా కూడా కోల్పోతారు.

అయితే ప్రజలకు వేరే దిక్కు లేదన్నది మినహాయింపుకు బలమైన ఆధారం కాదు. వైద్యులు పెరిగితే ఆ వాదం పడిపోతుంది. అసలు ఆధారాలు రెండు. మొదటిది రాజ్యపు పరిమితి. లైసెన్సు ఇవ్వాలంటే ఏది సరైన సలహానో ముందు తేల్చాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కర్మఫలం గురించి చెప్పాలా, పునరుత్థానం గురించి చెప్పాలా, అల్లా నిర్ణయానికి తలవంచమనాలా? లౌకిక రాజ్యం వీటిలో ఒకదాన్ని సరైన సమాధానంగా ఎంచి పరీక్ష పెట్టలేదు. పెడితే అది ఒక మతానికి పట్టం కట్టినట్టవుతుంది. మూడింటినీ కాదని నాలుగో సమాధానాన్ని తప్పనిసరి చేస్తే దాన్నే కొత్త మతంగా నిలబెట్టినట్టవుతుంది.

రెండో ఆధారం బాధపడే మనిషి స్వేచ్ఛ. తన మనసు ఎవరి ముందు విప్పాలో నిర్ణయించుకునే హక్కు, రాజ్యాంగం 25వ అధికరణ చెప్పే అంతరాత్మ స్వేచ్ఛలో భాగం. మినహాయింపు గురించి చర్చ వచ్చినప్పుడల్లా బోధకుడి హక్కు గురించే మాట్లాడతారు. నిజానికి ఆ హక్కు మొదట చెప్పుకునేవాడిది, తర్వాతే వినేవాడిది. ఈ వరస తారుమారైన చోటల్లా మినహాయింపు దుర్వినియోగమైంది.

సలహా అంటే ఒకే రకమైన పని కాదన్నది మన వైద్య సంప్రదాయానికి బాగా తెలుసు. చరకసంహిత సూత్రస్థానం పదకొండో అధ్యాయం చికిత్సను మూడుగా విభజిస్తుంది. మంత్రం, హోమం, ఉపవాసం, తీర్థయాత్ర వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం ఆలోచించి ఇవ్వడం యుక్తివ్యపాశ్రయం. మనసును హానికరమైన విషయాల నుంచి మళ్లించడం సత్త్వావజయం. ఈ విభజనలో దైవాన్ని ఆశ్రయించడానికి గౌరవమైన స్థానం ఉంది, కానీ అది మిగతా రెంటినీ తోసెయ్యదు. నేటి మాటల్లో చెబితే మొదటిదానికి మినహాయింపు పూర్తిగా చెల్లుతుంది, రెండోదానికి అసలు చెల్లదు. చిక్కంతా మూడోదానితోనే. మనసును మళ్లించే పని పాస్టరూ చేస్తాడు, మనస్తత్వ నిపుణుడూ చేస్తాడు. ఒక్కోసారి ఇద్దరూ అవే మాటలు వాడతారు.

మినహాయింపు ఎవరికి ఇవ్వాలన్నది తర్వాతి ప్రశ్న. అమెరికా చట్టాలు ఎక్కువగా మనిషి హోదాను చూస్తాయి. గోదావరి డెల్టాలో ఆ పద్ధతి మొదటి అడుగులోనే తడబడుతుంది. 1836లో మిషనరీ ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరన్ సంప్రదాయానిది. విశ్వాసులందరూ యాజకులే అన్నది ఆ సంప్రదాయపు మూలసూత్రం. అందులో అభిషిక్త గురువులనే వేరే వర్గం ఉండదు, సంఘపెద్దలు ఉంటారు. అభిషేకం పొందిన బోధకుడికే మినహాయింపు అంటే, దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న ఈ సహవాసాల పెద్దలు నేరస్థులవుతారు, పక్క వీధిలోని లూథరన్ పాస్టరు మాత్రం కాడు. హిందువుల వైపు చూసినా అంతే. ఆగమ పరీక్ష రాసిన అర్చకుడికి పత్రం ఉంటుంది, గ్రామదేవత గుడి దగ్గర పూనకం వచ్చి మాట్లాడే గణాచారికి ఉండదు. హోదాను బట్టి ఇచ్చే మినహాయింపు చివరికి చదువుకూ కులానికీ, ఆస్తిపాస్తులున్న సంస్థకూ దక్కుతుంది. పేదల గుడికీ, పాకలో నడిచే ప్రార్థనకూడికకూ దక్కదు. న్యాయదృష్టితో చూస్తే ఈ ఒక్క కారణంతోనే హోదా పద్ధతిని తిరస్కరించవచ్చు.

రాజ్యం మతబోధకులకు లైసెన్సు ఇచ్చే సందర్భం ఇక్కడ లేకపోలేదు. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లిళ్లు జరిపించడానికి ప్రభుత్వం పాస్టర్లకు లైసెన్సు ఇస్తుంది. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ‘లైసెన్సు ఉన్న అయ్యగారేనా’ అని అడగడం అందుకే. ఆ లైసెన్సు చూసేది రిజిస్టరు సరిగా రాశారా, వధూవరుల అర్హతలు సరిచూశారా అన్నంతవరకే. అదే అయ్యగారు ఆర్నెల్ల తర్వాత ఆ దంపతుల గొడవ తీర్చడానికి కూర్చుంటే ఏ లైసెన్సూ అడగరు. హిందూ వివాహానికైతే పురోహితుడికి ఆ మొదటి లైసెన్సు కూడా అక్కర్లేదు. పెళ్లి వల్ల ఆస్తి, వారసత్వం, బిడ్డల హోదా మారతాయి గనుక రాజ్యం అక్కడ రుజువు కోరుతుంది. ఓదార్పు వల్ల మారేది మనసు గనుక దూరంగా ఉంటుంది. ఈ విభజన చాలావరకు సమంజసమే.

అర్చకుల కేసు కూడా ఇదే గీతను చూపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం 1987లో అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. నారాయణ దీక్షితులు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. అర్చకుణ్ని నియమించడం లౌకిక వ్యవహారమని, అతడు చేసే పూజ మతవ్యవహారమని కోర్టు విడదీసింది. 2007 సవరణ కొంతవరకు పాత హక్కులను తిరిగి తెచ్చింది. నియామకం ఎటు తిరిగినా, మనిషిని వేరుగా, అతడు చేసే పనిని వేరుగా చూడాలన్న సూత్రం మాత్రం నిలిచింది. సలహా విషయంలోనూ అదే సరైన దారి. మినహాయింపు మనిషికి కాదు, పనికి ఉండాలి. ప్రార్థించడం, ధైర్యం చెప్పడం, శాస్త్రవచనాన్ని గుర్తుచేయడం, తప్పు ఒప్పుకున్నవాడికి ప్రాయశ్చిత్తం చెప్పడం ఎవరు చేసినా మినహాయింపులోకి వస్తాయి. రోగాన్ని నిర్ధారించడం, మందు ఇవ్వడం లేదా మాన్పించడం, రోగిని కట్టడి చేయడం ఎవరు చేసినా రావు.

ఈ హద్దు కొత్తగా కల్పించినది కాదు. మతస్వేచ్ఛను ఇచ్చిన 25వ అధికరణే దాన్ని ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబరిచింది. ఆరోగ్యం అన్న షరతు ఎందుకు అవసరమో తమిళనాడులోని ఏర్వాడి చెబుతుంది. దర్గా మహిమ వల్ల పిచ్చి కుదురుతుందన్న నమ్మకంతో కుటుంబాలు అక్కడికి తెచ్చి వదిలిన రోగులను ప్రైవేటు ఆశ్రమాల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6న అలాంటి ఒక ఆశ్రమంలో మంటలు లేచాయి. కాళ్లకు గొలుసులున్న 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు ఈ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది. తర్వాత వచ్చిన 2017 చట్టం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని 95వ సెక్షన్‌లో నిషేధించింది. రోగులను ఉంచి సంరక్షణ ఇచ్చే చోటు ఏ పేరుతో ఉన్నా నమోదు కావాలని, లేకపోతే తొలి తప్పుకు 5,000 నుంచి 50,000 రూపాయల జరిమానా అని చెప్పింది. రోగి తన బంధువులతోనో స్నేహితులతోనో ఉండే ఇంటిని మాత్రమే ఆ నిర్వచనం నుంచి తీసేసింది. గుడి మండపమనో ప్రార్థన మందిరమనో వేరే మినహాయింపు రాయలేదు. అంటే ఓదార్పు విషయంలో మౌనంగా ఉన్న భారత చట్టం, రోగిని ఒకచోట ఉంచే విషయానికి వచ్చేసరికి మాట్లాడింది. గొలుసులపై ఆ నిషేధం వచ్చేలోపే 28 ప్రాణాలు పోయాయి.

ప్రచారం విషయంలో నిషేధం ఇంకా పాతది. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటితో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని నేరం చేసింది. తాయెత్తు కట్టడం నేరం కాదు. దానితో ఫలానా రోగం పోతుందని ప్రకటించడం నేరం. స్వస్థత సభల గోడపత్రికలకు, జ్యోతిష్య ప్రకటనలకు ఈ గీత సమానంగా వర్తిస్తుంది.

రహస్యం దగ్గర మతబోధకుడికి లైసెన్సు ఉన్నవాడి కంటే తక్కువ రక్షణే ఉంది. 2017 చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను నిపుణులపై పెట్టింది. మతబోధకుడిపై అలాంటి బాధ్యతా లేదు, అతడికి ఆ హక్కూ లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం న్యాయవాదికి, భార్యాభర్తలకు గోప్యత ఇచ్చింది గానీ పాపపు ఒప్పుకోలు విన్న గురువుకు ఇవ్వలేదు. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఇవ్వలేదు. పసివాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తయినా అధికారులకు చెప్పితీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. అయ్యగారి గదిలో, పంతులుగారి అరుగు మీద విన్నది కూడా అందులోకి వస్తుంది. విన్న పాపం దేవుడి ముందే ఉండిపోవాలన్న విశ్వాసం ఎంత లోతైనదైనా, పసిబిడ్డ రక్షణ ముందు అది వెనక్కి తగ్గవలసిందే. ఇది మతంపై దాడి కాదు. బిడ్డ తనంతట తాను వచ్చి ఆ గదిలో మనసు విప్పలేదు. స్వేచ్ఛ మీద నిలబడ్డ మినహాయింపు, స్వేచ్ఛ లేనివారి మీద ప్రయోగించడానికి పనికిరాదు.

మత సంప్రదాయాలు అర్హత అన్న ఆలోచనను బయటి నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. ముండకోపనిషత్తు జిజ్ఞాసువును శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు అయిన గురువు దగ్గరకే వెళ్లమంటుంది. అక్కడ చదువూ కావాలి, నిలకడా కావాలి. వేదాంతం శిష్యుడికి కూడా అధికారి లక్షణాలు పెట్టింది. సూఫీ సంప్రదాయంలో గురువు అనుమతి లేకుండా శిష్యులను చేర్చుకోరు. చరకుడు మరింత సూటిగా రాశాడు. సూత్రస్థానం ఇరవైతొమ్మిదో అధ్యాయంలో ప్రాణాలను నిలిపే వైద్యుణ్ని, రోగాన్ని వెంటబెట్టుకొచ్చే నకిలీ వైద్యుణ్ని వేరుచేసి, నకిలీవాడి గుర్తుల్లో ఒకటి చెప్పాడు: జబ్బు తగ్గకపోతే తప్పు రోగిదే అంటాడు, రోగికి సాధనసంపత్తి లేదంటాడు, నిగ్రహం లేదంటాడు. ‘నీకు విశ్వాసం చాలలేదు’, ‘నియమంగా దీక్ష చేయలేదు’ అన్న మాటలు ఈనాటికీ ఎన్నో ఇళ్లలో వినబడుతున్నాయి. దిగులుతో కుంగిన మనిషికి ఆ దిగులు కూడా తన పాపమేనని చెప్పడం కన్నా పెద్ద హాని మరొకటి ఉండదు. చట్టం దీన్ని పట్టుకోలేదు. పట్టుకోవలసింది ఆ బోధకుడి సంప్రదాయమే.

నాలీ కేసులో కోర్టు లేదన్న బాధ్యత, అంటే తన శక్తికి మించిన బాధను సమర్థుడి దగ్గరకు పంపే బాధ్యత, ధర్మదృష్టితో చూస్తే లేకుండా పోదు. చావు మాట ఎత్తిన మనిషితో ప్రార్థన చేయడం మినహాయింపులోకి వస్తుంది. ప్రార్థన చేసి ఇంటికి పంపేసి ఊరుకోవడం ఏ ధర్మంలోకీ రాదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ నంబరు 14416. ఫోను ఉన్న ఏ గుడి మెట్ల మీద నుంచైనా, ఏ మందిరం నుంచైనా ఆ పిలుపు వెళ్తుంది. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో ‘దవా, దువా’ (మందు, ప్రార్థన) పేరుతో దర్గా ముజావర్లే రోగులను పక్కన ఉన్న మనోవైద్యుల దగ్గరకు పంపే ఏర్పాటు జరిగింది. దువా ఆగలేదు, దవా మొదలైంది. అక్కడ ముజావరుకు ఎవరూ లైసెన్సు ఇవ్వలేదు, అతడి పని ఎక్కడ ఆగుతుందో అతడికి తెలిసేలా చేశారు.

ఇక మిగిలింది, రోగి తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో మతబోధకుడి స్థానం ఏమిటన్నది. 2017 చట్టంలోని 14వ సెక్షన్ దీనికి అనుకోని దారి చూపిస్తుంది. మైనరు కాని ప్రతి వ్యక్తీ తన తరఫున నిలబడే ప్రతినిధిని ముందుగానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ ప్రతినిధి రక్తబంధువే కావాలని చట్టం అనదు. మైనరు కాకుండా, బాధ్యత నిర్వహించగలిగి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. రాజోలులో ఒక విశ్వాసి తన సంఘపెద్ద పేరు రాయవచ్చు, కొత్తపేటలో ఒక భక్తుడు తన గురువు పేరు రాయవచ్చు. అప్పుడు ఆ పెద్దకు చికిత్స చేసే అధికారం రాదు. చికిత్స గురించి తీసుకునే నిర్ణయాల్లో రోగికి తోడుండే స్థానం, రోగి ఇష్టాన్ని, మేలును చూసుకునే బాధ్యత వస్తాయి. ఈ చట్టంలో మతబోధకుడికి దొరికే ఆ చోటు అతడి పదవి వల్ల వచ్చేది కాదు. రోగి మనసు బాగున్న రోజున రాసిచ్చిన కాగితం వల్ల వచ్చేది.